పిల్లి బొచ్చు గుడ్డను ఎందుకు వదలదు? గోదావరి డెల్టా ఇళ్లకు పనికొచ్చే సంగతులు

పిల్లి ఉన్న ఇంట్లో నల్ల ప్యాంటు వేసుకోవాలంటేనే టెన్షన్. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగి చూసుకోవాలి. పెళ్లికి కట్టుకుందామని తీసిన పట్టుచీర మడతల్లో తెల్లటి నూగు కనిపిస్తుంది. చుట్టాలొస్తున్నారని సోఫా దులిపితే బొచ్చంతా ఫ్యాను గాలికి లేచి, కాసేపు తిరిగి, మళ్లీ అదే సోఫా మీద వాలుతుంది.

చిట్కాలకు మాత్రం కొదవ లేదు. టేపు అతికించి లాగమని ఒకరంటారు, తడిచేత్తో రాయమని ఇంకొకరంటారు. వంటసోడా చల్లమనేవాళ్లు, వెనిగర్ నీళ్లు కొట్టమనేవాళ్లు వేరే. వీటిలో ఒక్కోటి ఒకచోట బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పక్కనే ఉన్న దిండు మీద మాత్రం ఏమీ చేయలేకపోతుంది. కారణం ఒక్కటే. బొచ్చును గుడ్డకు పట్టి ఉంచేవి మూడు వేరువేరు బలాలు. ఏ బలం పట్టుకుందో తెలియకుండా ఎంత రుద్దినా చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది. పైగా ఈ చిట్కాల్లో చాలావరకు చలిదేశాల్లో, పొడిగాలిలో, గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచిన ఇళ్లలో పుట్టాయి. చుట్టూ కాలువలు, వరిచేలు, చేపల చెరువులు, పక్కనే సముద్రం ఉన్న అమలాపురంలోనో భీమవరంలోనో గాలి తీరే వేరు. అందుకని ముందు వెంట్రుక సంగతి, తర్వాత మన గాలి సంగతి చూసి, ఆ తర్వాతే చేతికి గ్లౌజు తొడగడం మంచిది.

వెంట్రుక లోపలికి ఎలా పాకుతుంది?

పిల్లి ఒంటిమీద ఉండేది ఒకే రకం బొచ్చు కాదు. పైకి కనిపించే పొడుగాటి వెంట్రుకలు నున్నగా, కాస్త బిరుసుగా ఉంటాయి. వాటి కింద పొట్టిగా, మెత్తగా, వంకర్లు తిరిగిన నూగు ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పద్నాలుగో వంతు. పిల్లి నూగు మందం అందులో మూడో వంతు కూడా ఉండదు. మన వీధుల్లో తిరిగే నాటు పిల్లికి పొట్టి బిరుసు వెంట్రుకలు ఎక్కువ. అవి నేత సందుల్లో సూటిగా గుచ్చుకుంటాయి. ఈమధ్య రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్లలో చాలామంది పర్షియన్ పిల్లుల్ని తెచ్చుకుంటున్నారు. వాటికి నూగు దట్టంగా ఉంటుంది. అది గుచ్చుకోవడం తక్కువ, చుట్టుకోవడం ఎక్కువ. మంచం కింద ఉండలు కట్టి దొర్లేది ఆ నూగే.

ఇక అసలు విషయం వెంట్రుక పైపొరలో ఉంది. అది కంటికి కనిపించని పొలుసులతో నిండి ఉంటుంది. ఆ పొలుసుల అంచులన్నీ కుదురు వైపు నుంచి కొస వైపుకు తిరిగి ఉంటాయి. దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తలదువ్వుకున్నప్పుడు రాలిన పొడుగాటి వెంట్రుక ఒకటి తీసుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, వేళ్ల పొడవునా పెట్టి, రెండు వేళ్లనూ మెల్లగా ముందుకూ వెనక్కూ రాపాడించండి. మీరు రెండు వైపులా సమానంగా కదిపినా వెంట్రుక మాత్రం ఒకవైపుకే జరుగుతూ పోతుంది. ఎటు జరుగుతోందో అటే దాని కుదురు. చిన్నప్పుడు చొక్కా చేతిలో ముళ్ల గడ్డి కంకి దూర్చుకుంటే, చెయ్యి ఊపేకొద్దీ అది భుజం దాకా పాకేది గుర్తుందా? ఇదీ అంతే.

సోఫా మీద పడిన వెంట్రుక కూడా ఇలాగే పాకుతుంది. మనం కూర్చుని లేచిన ప్రతిసారీ, అటూ ఇటూ జరిగిన ప్రతిసారీ కుదురు వైపు నుంచి ఇంకాస్త లోపలికి దిగుతుంది. బ్రష్ తీసుకుని ముందుకూ వెనక్కూ బలంగా రుద్దితే జరిగేదీ అదే. పైన ఉన్న నాలుగు వెంట్రుకలు ఊడొస్తాయి, మిగతావి ఇంకా లోతుకు పోతాయి. సోఫా, బట్ట, తివాచీ ఏదైనా సరే, చేతిని ఒకే వైపుకు లాగడం అన్నింటికంటే ముఖ్యమైన పద్ధతి. లాగి, ఎత్తి, మళ్లీ మొదటి చోట పెట్టి లాగాలి.

మూడు పట్లు, మన గాలి

మొదటి పట్టు స్థిర విద్యుత్తు. వెంట్రుకా పాలిస్టరూ రాసుకుంటే వెంట్రుకకు ధనావేశం, పాలిస్టరుకు ఋణావేశం వచ్చి రెండూ అతుక్కుంటాయి. చలిదేశాల్లో శీతాకాలం హీటర్లు వేసి తలుపులు మూసుకున్న ఇళ్లలో ఇదే పెద్ద సమస్య. అందుకే అక్కడ స్టాటిక్ పోగొట్టే స్ప్రేలకూ షీట్లకూ అంత గిరాకీ. గాలిలో తేమ ఉంటే ఈ ఆవేశం ఎక్కువసేపు నిలవదు. డెల్టాలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తేమగానే ఉంటుంది కాబట్టి, కిటికీలు తీసి ఉంచే ఇంట్లో ఆ స్ప్రేల మీద పెట్టే డబ్బు దాదాపు వృథా. ఏసీ గది సంగతి వేరు, ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది. మే నెలలో పడమటి వడగాలి కొట్టే మధ్యాహ్నాలు కూడా అంతే. అలాంటప్పుడు ప్లాస్టిక్ కుర్చీల మీద, పాలిస్టర్ కర్టెన్ల మీద, సింథటిక్ చీరల మీద బొచ్చు అంటుకుని కదలదు. అప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఒకసారి తుడిస్తే చాలు. చుక్క నీళ్లతో పోయేదానికి స్ప్రే ఎందుకు?

రెండో పట్టు అల్లిక. వెంట్రుక దారాల మధ్య దూరి చిక్కుకోవడం. మనకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. వెల్వెట్, ఉన్ని, తువ్వాలు గుడ్డ, పీచు లేచిన దుప్పటి లాంటివి బొచ్చును లోపలికి తీసుకుంటాయి. దగ్గరగా నేసిన నునుపు గుడ్డ, రెక్సిన్ తీసుకోవు.

మూడోది తేమా జిడ్డూ. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, మన ఇళ్లలో మాత్రం బాగా కనిపిస్తుంది. తలకు కొబ్బరినూనె రాసుకుని సోఫాకు తల ఆనిస్తాం. దిండు గలీబులకు నూనె ఇంకుతుంది. చెమట పట్టిన వీపు ఆనించిన చోట ఉప్పూ జిడ్డూ చేరతాయి. అక్కడ బొచ్చు అతుక్కుపోతుంది. ఆ మరక మీద గ్లౌజుతో ఎంత లాగినా ప్రయోజనం ఉండదు. గలీబు తీసి సబ్బునీళ్లలో నానబెట్టి, ముందు జిడ్డు వదిలించాలి. జిడ్డు పోతే బొచ్చు దానంతటదే పోతుంది.

ఏ పట్టో తెలుసుకోవడానికి వేలు చాలు. వెంట్రుకను తాకకుండా వేలిని దగ్గరగా తీసుకెళ్లండి. అది లేచి వేలి వైపు వంగితే స్థిర విద్యుత్తు. గోటితో గీకితే ఒక కొస లేచి రెండో కొస గుడ్డలోనే ఉండిపోతే అల్లిక. గీకినచోట గోటికి మెత్తగా మురికి అంటితే జిడ్డు.

సోఫా, పరుపు

గుడ్డ సోఫాకు నేను మొదట చేతిలోకి తీసుకునేది గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లౌజు. ప్రత్యేకంగా పిల్లి బొచ్చు కోసమని అమ్మే పరికరాల్లో చాలావరకు చేసే పని ఇదే. రబ్బరు గుడ్డ మీద జారదు, గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టుతో వెంట్రుకను దారాల మధ్య నుంచి పైకి ఈడుస్తుంది. గ్లౌజు కొద్దిగా తడిగా ఉంటే పైకొచ్చిన వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని వత్తుల్లా చుట్టుకుంటాయి, గాలికి లేవవు. తడి అంటే నీళ్లు కారేంత కాదు. గ్లౌజును నీళ్లలో ముంచి, రెండుసార్లు విదిలించాక మిగిలేంత తడి చాలు.

ముందు ఫ్యాను ఆపాలి. తర్వాత సోఫా గుడ్డకు వాలు ఎటుందో చూసుకోవాలి. వెల్వెట్ అయితే అరచేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, రెండోవైపు గరుగ్గా, రంగు కాస్త ముదిరినట్టు కనిపిస్తుంది. మొదట గరుకు వైపుకు, అంటే వాలుకు ఎదురుగా, జానెడు జానెడు లాగితే లోపలి వెంట్రుకలు లేస్తాయి. చివర వాలు వైపుకు లాగి పోగు చేయాలి. సోఫా వీపూ సీటూ కలిసే సందులో చెయ్యి పట్టదు, అక్కడికి పాత టూత్‌బ్రష్ సరిపోతుంది. పోగైన బొచ్చును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. బాత్రూం తూములో వేస్తే సబ్బు జిడ్డుతో కలిసి జాలీని మూసేస్తుంది.

వానాకాలంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఇక్కడ ఏదీ త్వరగా ఆరదు. సోఫా మీద నీళ్లు చల్లి తోమితే పైగుడ్డ ఆరినట్టే ఉంటుంది, లోపలి ఫోమ్ రోజుల తరబడి తడిగా ఉండి ముక్క వాసన వస్తుంది, బూజు పడుతుంది. బొచ్చు కంటే బూజు పెద్ద బెడద. ఆ నెలల్లో గ్లౌజును పొడిగానే వాడటం మంచిది. గాలిలో ఉన్న తేమే చాలావరకు సరిపోతుంది.

వంటసోడా గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. వాసన పీల్చుకోవడానికి అది పనికొస్తుంది. బొచ్చు విషయంలో దానివల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. పైగా తేమగాలికి గడ్డకట్టి, సోఫా కుట్లలో తెల్లగా మిగిలిపోతుంది.

అసలు సోఫాని తోమే పనే తగ్గించుకోవచ్చు. పిల్లులు అలవాటును వదలవు. ఇంట్లో పది చోట్లు ఉన్నా, రోజూ పడుకునేవి రెండో మూడో ఉంటాయి. అక్కడ పాత చీరలతో కుట్టిన పలచటి బొంతో, దగ్గరి నేత నూలు దుప్పటో మడిచి వేయండి. రాలే బొచ్చులో చాలావరకు దాని మీదే పడుతుంది. వారానికోసారి దాన్ని నాలుగు మూలలూ దగ్గరకు మడిచి, బొచ్చు లోపలే ఉండేలా బయటకు తీసుకెళ్లి, గాలి వీచే వైపుకు దులిపి ఉతికేస్తే సరిపోతుంది. ఈ ఒక్కటి చేసినా మిగతా పని సగానికి తగ్గుతుంది.

పరుపుల్లో బూరుగు దూదివైనా, కొబ్బరి పీచువైనా, సంగతంతా పైన ఉన్న గుడ్డతోనే. నవారు మంచానికి పట్టీలు అడ్డంగా నిలువుగా దాటే చోట్ల బొచ్చు పేరుకుంటుంది, గట్టి బ్రష్‌తో ఒకే వైపుకు తోస్తే వస్తుంది. గుమ్మం ముందు వేసే కొబ్బరి పీచు పట్టాను శుభ్రం చేయడం కష్టమే, గోడకేసి కొట్టడం తప్ప మార్గం లేదు. కానీ కాళ్లకు అంటిన బొచ్చును అది గదిలోకి రాకుండా ఆపుతుంది కాబట్టి దాన్ని అక్కడే ఉండనివ్వండి.

తివాచీ, నేల

మన ఇళ్లలో నేల పలకలదో గచ్చుదో, తివాచీ ఉంటే హాల్లో ఒక్కటే. దానికి అన్నిటికంటే మంచి పరికరం బాత్రూంలోనే ఉంది. నేల మీద నీళ్లు తోసే రబ్బరు వైపర్! తివాచీ మీద వైపర్‌ను ఏటవాలుగా పెట్టి, కాస్త బరువు వేసి, మన వైపుకు మూరెడు మూరెడు లాగితే, కంటికి అసలు కనిపించని బొచ్చు కూడా చారలుగా పోగవుతుంది. వాక్యూమ్ క్లీనర్ కొట్టిన వెంటనే వైపర్‌తో లాగి చూడండి, ఎంత మిగిలిపోయిందో తెలుస్తుంది. పీల్చడం ఒక్కటే సరిపోదు. లోపల చిక్కుకున్నదాన్ని ముందు కదిలించాలి. అందుకే ముందు వైపర్, తర్వాత వాక్యూమ్. తిరిగే బ్రష్ ఉన్న మెషీన్ అయితే దాని రోలర్‌కు వెంట్రుకలు చుట్టుకుంటాయి, ప్లగ్ తీసి, కత్తెరతో అడ్డంగా కత్తిరించి లాగేయాలి.

ఉన్ని తివాచీ దగ్గర ఒక్క సంగతి మరవకూడదు. మన పక్కనున్న ఏలూరు ఉన్ని తివాచీలకు పేరుపడ్డ ఊరు. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు కొన్నది ఒకటి ఉండే ఉంటుంది. ఉన్ని కూడా వెంట్రుకే. దానికీ పొలుసులుంటాయి. పొలుసులున్న రెండు రకాల వెంట్రుకలను తడిపి, సబ్బు వేసి, రుద్దితే ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకడతాయి. అలా ముద్దకట్టిన ఉన్ని మళ్లీ విడదు. కాబట్టి ఉన్ని తివాచీకి తడి వద్దు, రుద్దడం వద్దు. పొడి వైపర్, ఒకే వైపు లాగుడు. నూలు జంపఖానా అయితే దండెం మీద వేసి వెనకవైపు నుంచి కర్రతో కొట్టొచ్చు.

నేలకు కొండచీపురు పట్టుకుంటే సగం బొచ్చు గాలిలోకి లేస్తుంది. అలాగని ముందే తడి మాప్ పెడితే బొచ్చు తడిసి పలకలకు అతుక్కుని, ఆరాక మళ్లీ లేస్తుంది. వైపర్‌కు తడిపి పిండిన పాత గుడ్డ చుట్టి ఒకే వైపుకు తోసుకుంటూ వెళ్తే మొత్తం ఒక గట్టులా ముందుకొస్తుంది. దాన్ని ఎత్తేశాకే మాప్. సీలింగ్ ఫ్యాను రెక్కల పైభాగం, ఏసీ ఫిల్టరు కూడా చూస్తూ ఉండాలి. అక్కడ చేరింది స్విచ్ వేయగానే గదంతా పడుతుంది.

లేసు

నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్లలో సోఫా వీపు మీద, టీవీ స్టాండు మీద, బల్ల మీద చేత్తో అల్లిన లేసు గుడ్డ కనిపించని హాలు అరుదు. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పిన పని అది. తరతరాలుగా ఇళ్లలోనే సాగుతూ వచ్చింది, 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఒక బల్లగుడ్డ అల్లడానికి ఎన్ని రోజుల కంటిచూపు పెట్టాలో దగ్గరుండి చూసినవాళ్లకు, దాని మీద టేపు అతికించి పరపరా లాగడానికి చేయి రాదు.

లేసులో బొచ్చు పడితే మామూలు పద్ధతులు పనికిరావు. కొక్కెం సూదితో వేసిన ప్రతి అల్లికా ఒక చిన్న వల. వెంట్రుక దారం చుట్టూ ఒకటి రెండు మెలికలు తిరుగుతుంది. రబ్బరు గ్లౌజుతో లాగితే వెంట్రుకతో పాటు అల్లిక కూడా సాగి, పువ్వు ఆకారం చెడుతుంది. టేపు దారం మీద పీచు లేపుతుంది, ఆ పీచు తర్వాతి బొచ్చుకు ఇంకా మంచి కొక్కెమవుతుంది.

దీనికి ఓపిక కావాలి. లేసును రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుగుకు ఎదురుగా ఆడించండి, వదులుగా ఉన్నవి రాలిపోతాయి. తర్వాత వెంట్రుకల రంగుకు విరుద్ధమైన రంగు గుడ్డ మీద, తెల్ల పిల్లి అయితే నల్లటి దాని మీద, పరవండి. మెలిక పడ్డ వెంట్రుకను కనుబొమలకు వాడే ప్లక్కర్‌తో దారానికి దగ్గరగా పట్టుకుని, పైకి కాకుండా వెంట్రుక పోయిన దారినే పక్కకు లాగితే మెలిక తనే విప్పుకుంటుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో కొంచెం మెత్తటి సబ్బు కలిపి కాసేపు నానబెట్టి, రుద్దకుండా నీళ్లలోనే అటూ ఇటూ ఊపండి. మిగిలినవి నీటిలోకి వదిలేస్తాయి. తీసేటప్పుడు ఒక మూల పట్టుకుని ఎత్తితే తడి బరువుకు లేసు సాగుతుంది. కింద రెండు అరచేతులూ పెట్టి ఎత్తి, తువ్వాల్లో చుట్టి నీరు పీల్పించి, నీడలో పరిచి ఆరబెట్టాలి. ఆరే ముందు పలచటి గంజి పెడితే దారం మీది పీచు అణిగిపోయి, కొత్తగా పడే బొచ్చు అంతగా చిక్కుకోదు. పిల్లి రోజూ ఎక్కే సోఫా మీద మాత్రం లేసు వద్దు. దాన్ని పిల్లి ఎక్కని బల్ల మీదకు మార్చండి.

బట్టలు

బట్టల విషయంలో చాలామంది ఉతికితే బొచ్చు పోతుందనుకుంటారు. నిజానికి తడిసిన బొచ్చు గుడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, పైగా ఒక చొక్కా మీద ఉన్నది మెషీన్‌లో పది చొక్కాలకు పంచబడుతుంది. బొచ్చు తీయాల్సింది పొడిగా ఉన్నప్పుడే, ఉతకడానికి ముందే. పెరట్లోనో డాబా మీదో గట్టిగా విదిలించి, మిగిలినదాన్ని పొడి గ్లౌజుతో ఒకే వైపుకు లాగి, అప్పుడు వేయండి. డ్రమ్మును కుక్కి నింపొద్దు. బట్టల మధ్య నీళ్లు ఆడితేనే బొచ్చు విడిపోయి జాలీ సంచిలోకి చేరుతుంది. ఆ సంచిని ప్రతిసారీ తిరగేసి దులపాలి. ఫ్రంట్ లోడ్ మెషీన్లు నీళ్లు తక్కువ వాడతాయి కాబట్టి ఇంకోసారి జాడించే ఆప్షన్ పెట్టడం మంచిది. తలుపు దగ్గరి రబ్బరు మడతలో బొచ్చు దాక్కుంటుంది, తడిగుడ్డతో తుడవండి. బండ మీద ఉతికి, నిండుబకెట్లో నీళ్లు మార్చి మార్చి జాడించే పాత పద్ధతికి ఈ ఒక్క విషయంలో ఏ మెషీనూ సాటిరాదు.

చివరి నీళ్లలో కొంచెం వెనిగర్ వేస్తే సబ్బు జిడ్డు పోయి గుడ్డ విడివిడిగా ఉంటుంది, దానివల్ల కొంత లాభం ఉంది. అయితే బ్లీచింగ్ వేసిన నీళ్లలో వెనిగర్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు క్లోరిన్ పుడుతుంది. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు దారాల మీద జారుడు పొర వేసి బొచ్చు పట్టును తగ్గిస్తాయి. మన బట్టలకు వాడుకోవచ్చు, పిల్లి పడుకునే గుడ్డలకు మాత్రం వద్దు. పిల్లి ఆ గుడ్డను నాకినా, దాని బొచ్చుకు అంటినదాన్ని నాకినా నోరు పుండయ్యే ప్రమాదం ఉంది.

వర్షాల్లో ఇంట్లోనే తాళ్లు కట్టి ఆరేస్తాం. తడి బట్టల కిందే పిల్లి తిరిగితే ఉతికిన శ్రమంతా నీళ్లపాలే. ఆరేసే గదిలోకి పిల్లిని రానివ్వకుండా తలుపు వేసి, లోపల ఫ్యాను పెట్టండి. పూర్తిగా ఆరాక ఒకసారి విదిలించండి. ఇస్త్రీకి ముందే వెంట్రుకలు ఏరేయాలి, ఇస్త్రీ పెట్టె కింద పడిన వెంట్రుక గుడ్డలోకి అణిగిపోతుంది.

బండారులంక లాంటి నేత చీరలకు గంజి పెట్టి కడితే పెద్ద సమస్య ఉండదు, ఒక్క విదిలింపుకు పోతుంది. ఉప్పాడ జాందానీ, ఇంకే పట్టుచీరైనా సరే, తడి చేయి తగలనివ్వకండి. జరీ ఉన్న చోట రబ్బరు కూడా వాడకూడదు. మెత్తటి పొడి నూలు గుడ్డతో నేత పొడవునా తేలిగ్గా తుడవాలి. మొండికేసిన వెంట్రుక ఉంటే ఆసుపత్రుల్లో వాడే పేపర్ టేపును తేలిగ్గా అద్ది తీయాలి. ప్యాకింగ్ టేపు గమ్ము మన ఎండకు కరిగి పట్టుకు అంటుకుంటుంది. దాచేటప్పుడు పాత నూలు పంచెలో చుట్టి పెడితే బీరువాలోకి పిల్లి దూరినా చీరకు ఏమీ కాదు.

పిల్లి దగ్గర మొదలుపెట్టాలి

రాలే బొచ్చును గుడ్డ మీద పట్టుకోవడం కంటే పిల్లి మీదే పట్టుకోవడం తేలిక. బొచ్చు రాలే కాలాన్ని పగటి నిడివి నడిపిస్తుంది. లండన్‌లో ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ తేడా ఎనిమిది గంటలు దాటుతుంది. 16, 17 డిగ్రీల అక్షాంశంలో ఉన్న మనకు అది రెండు గంటలే. పైగా ఇంట్లో రాత్రి దాకా లైట్లు. కాబట్టి ఏదో ఒక సీజన్లో కుప్పలుగా రాలి తర్వాత ఆగిపోతుందని ఎదురుచూడకండి, మన దగ్గర ఏడాదంతా కొంచెం కొంచెం రాలుతూనే ఉంటుంది.

నాటు పిల్లికి రబ్బరు పళ్ల బ్రష్ వారానికి రెండు మూడుసార్లు చాలు. అదీ లేకపోతే తడిపిన అరచేత్తో తల నుంచి తోక దాకా నిమిరినా చాలా వస్తుంది. పేల దువ్వెనతో మెడ వెనక దువ్వితే గోమార్లు ఉన్నాయో లేదో కూడా తెలుస్తుంది. పర్షియన్‌కు రోజూ దువ్వాలి, లేకపోతే ఈ తేమకు చంకల్లో, పొట్ట కింద జడలు కడతాయి. ఎండలకు గుండు గీయించడం మంచిది కాదు, బొచ్చు దానికి ఎండ నుంచి కూడా రక్షణ. దువ్వినప్పుడు వచ్చిన బొచ్చు పిల్లి కడుపులోకి పోకుండా ఆగిందన్నమాట. పిల్లి కక్కే బొచ్చు ఉండలు కూడా తగ్గుతాయి.

ఒకచోటే గుండ్రంగా బొచ్చు ఊడిపోయి చర్మం పొలుసులుగా కనిపిస్తే అది మామూలు రాలడం కాదు, తామర కావచ్చు. అది పిల్లల చేతులకూ మెడకూ అంటుకుంటుంది, రాలిన బొచ్చు ద్వారా నెలల తరబడి ఇంట్లో ఉంటుంది. వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఉబ్బసం వస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అన్నంలో పడిన వెంట్రుకవల్ల ఉబ్బసం రాదు. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు, పిల్లి చర్మపు గ్రంథుల్లో, లాలాజలంలో తయారయ్యే ఫెల్ డి 1 అనే ప్రొటీన్. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటుతుంది, ఆరి పొడిగా మారి గాలిలో గంటల తరబడి తేలుతుంది. అందుకే సోఫా మీద ఒక్క వెంట్రుక కనిపించకపోయినా కొందరికి తుమ్ములు ఆగవు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే దులపడం, ఊడవడం పూర్తిగా మానేసి తడిగుడ్డతోనే తుడవాలి, పడకగదిలోకి పిల్లిని రానివ్వకూడదు, డాక్టరుతో మాట్లాడాలి. గర్భిణులు భయపడే టాక్సోప్లాస్మా కూడా బొచ్చువల్ల వచ్చేది కాదు. అది పిల్లి మలంలో, మట్టిలో, సరిగా ఉడకని మాంసంలో ఉంటుంది. మలం ఎత్తే పని ఇంట్లో ఇంకొకరు చేస్తే సరి.

తుడిచే నీళ్లలో ఏం కలుపుతున్నారో కూడా చూసుకోండి. మన ఇళ్లలో బకెట్లో ఫినాయిల్ వేయనిదే తుడిచినట్టు అనిపించదు. ఫినాల్ జాతి మందులను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, తర్వాత పాదాలు నాక్కుంటుంది, అలా కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతుంది. పిల్లి ఉన్న ఇంట్లో రోజువారీ తుడవడానికి మామూలు నీళ్లు, జిడ్డున్న చోట చుక్క గిన్నెల సబ్బు చాలు. తప్పనిసరై ఫినాయిల్ వాడిన రోజున మంచినీళ్లతో మరోసారి తుడిచి, నేల పూర్తిగా ఆరేదాకా పిల్లిని వసారాలోనే ఉంచండి.